పట్టిక అడుగున ఉండే చిన్న అక్షరాలు

(మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్షలకు సిద్ధమవుతున్న డిగ్రీ విద్యార్థుల ఆదివారపు తరగతి ప్రారంభ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 నేను ఆచార్యుడను కాను. ముప్పది యేండ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పట్టికలు తయారు చేసినవాడను. కనుక దత్తాంశ వ్యాఖ్యానం, అనగా మీరు డేటా ఇంటర్‌ప్రిటేషన్ అని పిలిచే అంశం గురించి మాట్లాడుమని కమిటీవారు కోరినప్పుడు కాదనలేకపోయాను.

మొదట ఒక లెక్క. జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం నియమించిన కమిటీ 2006 నవంబరులో తన నివేదికను సమర్పించింది. అప్పటికి దేశంలోని ఐఐఎంలన్నింటిలో అన్ని కోర్సులలో కలిపి 4,743 మంది చదువుతుండగా వారిలో ముస్లిములు 63 మంది అని ఆ నివేదిక చెప్పింది. ఇది ఎంత శాతం? జేబులోని ఫోను తీయవద్దు. 4,743లో ఒక శాతం 47. అరవై మూడులో నుంచి నలభై ఏడు తీసివేస్తే పదహారు మిగులుతుంది. పదహారు అనేది నలభై ఏడులో ఇంచుమించు మూడోవంతు. కనుక జవాబు 1.33 శాతం. దీనికి పది సెకన్లు చాలు. ఐఐటీల లెక్క కూడ చూడండి. 27,161 మందిలో 894. ఒక శాతం 271, మూడు శాతం 814, మిగిలిన ఎనభై దాదాపు మరో 0.3 శాతం. అంటే 3.3 శాతం. పరీక్షలో మీరు చేయవలసిన గణితం చాలావరకు ఈ పాటిదే.

కాని అసలు ప్రశ్న ఇప్పుడు మొదలవుతుంది. 2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లిములు 13.4 శాతం. ఆ లెక్కన 635 మంది ఉండవలసిన చోట 63 మందే ఉన్నారని మన వేదికలపై తరచుగా వింటుంటాము. ఆ బాధ న్యాయమైనదే. అయినా పరీక్షకుడు మిమ్ములను అడిగేది వేరు. ఐఐఎంలో చేరాలంటే డిగ్రీ ఉండాలి కదా; మరి పోల్చవలసినది మొత్తం జనాభాతోనా, పట్టభద్రుల సంఖ్యతోనా? ఇరవై యేండ్లు పైబడిన ముస్లిములలో డిగ్రీగాని డిప్లొమాగాని ఉన్నవారు నాలుగు శాతానికి లోపేనని అదే నివేదిక చెప్పింది. అంటే తలుపు ఐఐఎం గేటు వద్ద మాత్రమే మూయబడలేదు. అంతకు చాలా ముందు, ఇంటర్మీడియట్ దగ్గర, పదవ తరగతి దగ్గర మూయబడుతూ వచ్చింది. ఎందరు పరీక్ష రాశారు, రాసినవారిలో ఎందరు నెగ్గారు అనేది ఈ రెండు అంకెలను బట్టి చెప్పలేము. ప్రశ్నపత్రంలో “ఇచ్చిన సమాచారంతో నిర్ణయించలేము” అనే ఐచ్ఛికం ఉంటుంది. దానిని మన పిల్లలు పిరికితనమని భావించి వదిలేస్తారు. అనేకసార్లు అదే సరియైన జవాబు.

పరీక్ష స్వరూపం క్లుప్తంగా చెబుతాను. ఐసెట్‌లో 150 నిమిషాలలో 200 ప్రశ్నలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. కనుక ఒక్క ప్రశ్న కూడ ఖాళీగా వదలరాదు. క్యాట్ అటువంటిది కాదు. మొత్తం 120 నిమిషాలు, మూడు విభాగాలు, ఒక్కో దానికి 40 నిమిషాలు. ఒక విభాగం నుంచి మరొక దానికి వెళ్లరాదు. సరియైన జవాబుకు మూడు మార్కులు, ఐచ్ఛికాలున్న ప్రశ్న తప్పితే ఒక మార్కు కోత. టైపు చేయవలసిన జవాబులకు కోత లేదు. దత్తాంశ వ్యాఖ్యానం, తార్కిక విశ్లేషణ ఒకే విభాగంలో ఉంటాయి. తెరపై క్యాలిక్యులేటరు ఉంటుంది గాని, దానిపై ఆధారపడినవాడు ఆలస్యంగా లేస్తాడు. ఐసెట్‌లో అది కూడ లేదు.

ఇక నేను అన్నిటికంటె ముఖ్యమనుకునే విషయం. పట్టికను చూడగానే మన కళ్లు అంకెల మీద పడతాయి. అంకెలను చివర చూడండి. మొదట శీర్షిక చదవండి, పిమ్మట సంవత్సరం, పిమ్మట ప్రమాణం, వేలలోనా, లక్షలలోనా, శాతాలలోనా, పిమ్మట అడుగున చిన్న అక్షరాలలో ఉండే వివరణ. ఆ చిన్న అక్షరాలు ఎంత పని చేస్తాయో మన సమాజానికి అనుభవమే. 2004 సెప్టెంబరులో 2001 జనగణన మతాలవారీ వివరాలు వెలువడినప్పుడు, 1991 నుంచి 2001 వరకు ముస్లిం జనాభా 36 శాతం పెరిగిందని పత్రికలలో వచ్చింది. దేశమంతటా ఎంత గగ్గోలు పుట్టిందో మీలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. సంగతి ఏమంటే, 1991లో జమ్ము కాశ్మీరులో జనగణన జరగనేలేదు. 2001లో జరిగింది. అంటే మొదటి సంఖ్యలో లేని ఒక రాష్ట్రం రెండవ సంఖ్యలో చేరింది. అక్కడి ముస్లిములందరూ ఆ పదేళ్లలో కొత్తగా పుట్టినవారి లెక్కలో పడ్డారు. 1981లో అస్సాంలో జనగణన జరగలేదు గనుక అంతకు ముందరి దశాబ్దం లెక్కకు కూడ అటువంటి చిక్కే ఉంది. ఈ రెండు రాష్ట్రాలను తీసివేసి చూస్తే పెరుగుదల 32.9 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గింది. సవరించని అంకె “పెరిగింది” అని చెప్పింది. సవరించిన అంకె “తగ్గింది” అని చెప్పింది. రెండూ ఒకే జనగణన నుంచి వచ్చినవే. సవరణ కొద్దిరోజులలోనే వచ్చినా, ముప్పై ఆరు అనే మాట మాత్రం చాలాకాలం జనం నోళ్లలో ఉండిపోయింది.

ఇతరులను అనడం ఎందుకు, నా సంగతి చెబుతాను. ఒక జిల్లా కార్యాలయంలో పని చేస్తున్నప్పుడు ఉపకారవేతనాల నెలవారీ నివేదిక నేనే తయారు చేసేవాడను. దరఖాస్తులు రెండు రకాలు: కొత్తవి, పునరుద్ధరణవి. పునరుద్ధరణవి ఇంచుమించు అన్నీ మంజూరవుతాయి. కొత్తవాటిలో ఆదాయ ధ్రువపత్రం లేదనో, బ్యాంకు ఖాతాలో పేరు కలవలేదనో సగం ఆగిపోయేవి. ఒక సంవత్సరం పై నుంచి వచ్చిన నమూనాలో ఒకే గడి ఉంది. నేను రెండింటిని కలిపి వేసి, మంజూరు తొంభై శాతం దాటినట్లు చూపాను. అడుగున ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది, రాయలేదు. ఆ అంకెను చూసి పైవారు సంతోషించారు, జిల్లాకు ప్రత్యేక శిబిరం అవసరం లేదన్నారు. ఆగిపోయిన కొత్త దరఖాస్తులు ఆ సంవత్సరం అట్లే ఆగిపోయాయి. వారిలో ఎందరు చదువు మానుకున్నారో ఏ పట్టికలోనూ లేదు. నా కూడికలో తప్పు లేదు. పట్టిక మాత్రం తప్పు. ఆ కాగితంపై పొట్టి సంతకం నాదే.

రెండవది, శాతానికి, శాతం పాయింట్లకు భేదం. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో ఉన్నత విద్యలో ముస్లిం విద్యార్థులు 21.01 లక్షలు, 2020-21లో, కరోనా సంవత్సరంలో, 19.22 లక్షలు. ఇదే కాలంలో మొత్తం విద్యార్థులు 3.85 కోట్ల నుంచి 4.14 కోట్లకు పెరిగారు. ఇప్పుడు “ఎంత తగ్గింది?” అని అడిగితే మూడు జవాబులున్నాయి. సంఖ్య తగ్గినది 1.79 లక్షలు, అనగా ఎనిమిదిన్నర శాతం. మొత్తంలో వాటా 5.45 శాతం నుంచి 4.64కు దిగింది, అనగా 0.8 శాతం పాయింట్లు. అదే వాటా తన మునుపటి విలువలో దాదాపు 15 శాతం కోల్పోయింది. ఈ మూడింటిలో 0.8 అనే అంకెను చూపి “ఏమంత తగ్గలేదు” అనవచ్చు. 15 అనే అంకెను చూపి ఆందోళన చేయవచ్చు. రెండూ నిజాలే. ప్రశ్నలోని ఒక్క పదాన్ని బట్టి మీ జవాబు మారుతుంది. ఐచ్ఛికాలలో ఈ మూడు అంకెలూ పక్కపక్కనే పెట్టి ఉంచుతారు.

మూడవది సగటులు. 2011 జనగణన ప్రకారం నేటి తెలంగాణ ప్రాంతంలో ముస్లిములు 12.7 శాతం, నేటి ఆంధ్రప్రదేశ్‌లో 7.3 శాతం. ఉమ్మడి రాష్ట్రంలో ఎంత? నిరుడు ఈ ప్రశ్న వేస్తే తరగతిలో అందరూ పది అన్నారు. నేను కూడ బల్లమీద పరధ్యానంగా పది అనే రాశాను. వెనుక వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, “చాచాజీ, అటు జనం ఎక్కువ కదా, ఏడు వైపే మొగ్గుతుంది” అన్నది. ఆమె తండ్రి తోపుడుబండిపై పండ్లు అమ్ముతాడు. రెండు ధరల సరకు కలిపి అమ్మినప్పుడు కిలో ఎంత పడిందో ఇంట్లో లెక్క చూసేది ఆ పిల్లే. ఆంధ్రప్రదేశ్ జనాభా 4.95 కోట్లు, తెలంగాణ 3.5 కోట్లు. అసలు జవాబు తొమ్మిదిన్నర. ఐచ్ఛికాలలో పది, తొమ్మిదిన్నర రెండూ ఉంటే, ఏ వైపు మొగ్గుతుందో తెలిసినవారికి లెక్క చేయనవసరమే లేదు.

భిన్నాలు కంఠస్థం చేయండి. ఇందులో మనవారు వెనుకబడి ఉండవలసిన కారణం లేదు. జకాత్ రెండున్నర శాతమంటే నలభైలో ఒకటని మన ఇళ్లలో చదువురాని నానీమాకు కూడ తెలుసు. ఆస్తి పంపకంలో సంతానముంటే భార్యకు ఎనిమిదిలో ఒక వాటా, తల్లికి ఆరులో ఒక వాటా. అవి పన్నెండున్నర శాతం, 16.67 శాతం. ఏడులో ఒకటి 14.28, తొమ్మిదిలో ఒకటి 11.11, పదకొండులో ఒకటి 9.09. ఇరవై దాకా రాసుకుని గోడకు అంటించుకోండి. పట్టికలో 14.2 శాతం అని కనబడగానే “ఏడింట ఒకటి” అని మనసులో పడాలి. 2011లో దేశ జనాభాలో మన వాటా కూడ అంతే.

క్యాట్‌లో కొందరు తెలివైన పిల్లలు ఎందుకు దెబ్బ తింటారంటే, మొదట కనబడిన పట్టికతో పంతానికి దిగుతారు. ఇరవై నిమిషాలు గడుస్తాయి. అంత సేపు వెచ్చించాము గనుక వదలబుద్ధి కాదు. మొదటి ఐదారు నిమిషాలు ఏమీ పరిష్కరించకుండ సముదాయాలన్నింటిని చదవండి. పరిచయమైన రూపం ఉన్నది ఏది, ప్రశ్నలు చిన్నవిగా ఉన్నది ఏది అని చూసి వరుస పెట్టుకోండి. ఎనిమిది నిమిషాలలో దారి కనబడని దానిని సలాం చెప్పి విడిచిపెట్టండి. అన్నీ చేయవలసిన అవసరం లేదు. సగం సముదాయాలను తప్పు లేకుండా చేసినవారు అన్నింటిని తడిమినవారికంటె ముందుంటారు.

కోచింగు ఫీజుల గురించి తల్లిదండ్రులు అడుగుతున్నారు. కట్టగలిగినవారు కట్టవచ్చు, తప్పు పట్టను. కాని ఈ ఒక్క అంశానికి మాత్రం సామగ్రి ఉచితం. జనగణన పట్టికలు, బడ్జెటు పత్రాలు, ఆర్థిక సర్వేలు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తున్నది. రోజుకొక పట్టిక తీసుకుని, దాని నుంచి ఐదు ప్రశ్నలు మీరే తయారు చేసి మీ జతగానికి ఇవ్వండి. ప్రశ్న తయారు చేసినవానికి ఎర ఎక్కడ పెడతారో తెలుస్తుంది. తప్పులకు వేరే నోటుపుస్తకం పెట్టండి. అందులో జవాబు రాయవద్దు, ఎందుకు తప్పిందో ఒక వాక్యం రాయండి. “ప్రమాణం చూడలేదు”, “బేస్ మారింది”, “అడుగు వాక్యం చదవలేదు”. నెల తిరిగేసరికి మీ జబ్బు ఏదో మీకే కనబడుతుంది. అదే మూడు వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి.

కమిటీవారు గంట చూపిస్తున్నారు, అసర్ వేళ దగ్గరపడింది. వచ్చే ఆదివారానికి ఒక ప్రశ్న ఇచ్చి ముగిస్తాను. 2011 జనగణన నుంచే రెండు వాక్యాలు. ముస్లిములలో నిరక్షరాస్యులు 42.7 శాతం అని ఒక చోట ఉంది. ముస్లిముల అక్షరాస్యత 68.5 శాతం అని మరొక చోట ఉంది. రెండూ కలిపితే నూట పదకొండు దాటుతున్నది. రెండు అంకెలూ నిజమే. రెండవ పట్టిక శీర్షికలో “ఏడేండ్లు, ఆపై వయసు” అనే మాట ఉంది. మొదటి దానిలో లేదు. ఈ రెండు అంకెలతోనే ముస్లిం జనాభాలో ఏడేండ్ల లోపు పిల్లలు ఎంత శాతమో తేల్చవచ్చు. క్యాలిక్యులేటరు లేకుండ, నాలుగు నిమిషాలలో. జవాబుతో పాటు ఎట్లా వచ్చిందో కాగితంపై రాసి తీసుకురండి; కాగితం పైన పేరు, సమయం వేయడం మరువకండి.