గింజ లేని పండు – గింజ కొరకు వెదకులాట

అరటిపండును అడ్డముగా కోసి చూచినచో నడుమ నల్లని చుక్కలు కొన్ని కనబడును. అవి గింజలు కావలసి, కాలేకపోయిన అండములు. వాని వెనుక నొక వంశచరిత్ర కలదు.

మనము తిను అరటులలో అత్యధికము రెండు అడవిజాతుల సంతతి. ఒకటి మ్యూసా అక్యుమినాటా, రెండవది మ్యూసా బాల్బీసియానా. శాస్త్రజ్ఞులు వీని క్రోమోజోముల వరుసలను ఏ, బి అను అక్షరములతో గుర్తింతురు. ఒక్కొక్క వరుసలో 11 క్రోమోజోములుండును. అడవి అరటికి రెండు వరుసలు, అనగా 22. తోట అరటికి సాధారణముగా మూడు వరుసలు, 33. మూడింటిని రెండు సమభాగములుగా పంచుట కుదరదు గనుక గింజ కట్టుట అరుదు. మన వామనకేళి ఏ-ఏ-ఏ, అమృతపాణి ఏ-ఏ-బి, కూరకు వండుకొను బొంత అరటి ఏ-బి-బి.

ఏ మొక్కలో ఏ జాతి పాలెంతయో తెలియుటెట్లు? 1955లో సిమ్మండ్సు, షెపర్డు అను శాస్త్రజ్ఞులు 15 లక్షణములను ఎన్నుకొనిరి. బోదెపై మచ్చలు, ఆకుతొడిమ గాడి, పువ్వుదొప్పల రంగు, అండముల వరుసలు మున్నగునవి అందున్నవి. అక్యుమినాటా పోలిక పూర్తిగా నున్నచో ఒక మార్కు, బాల్బీసియానా పోలిక కైదు. మొత్తము 15కు దగ్గరైనచో మొదటి జాతి, 75కు దగ్గరైనచో రెండవ జాతి ప్రబలమన్నమాట.

అయితే మార్కులు పోలికను చెప్పునే గాని సంఖ్యను నిశ్చయింపజాలవు. ఏ-ఏ కును, ఏ-ఏ-ఏ కును ఒకే మార్కులు రావచ్చును. వరుసలు పెరిగినకొలది ఆకులు వ్రేలాడుట, పత్రరంధ్రములు పెద్దవగుట సూచనలు మాత్రమే. లేత వేరుకొనకు రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో క్రోమోజోములను లెక్కించుటయే నమ్మదగిన పాత పద్ధతి. నేడు చిన్న ఆకుముక్కలోని డి.ఎన్.ఏ. పరిమాణమును యంత్రముతో కొలిచి త్వరగా తెలిసికొనుచున్నారు.

ఇంత శ్రమ యెందుకందురా? ఒకప్పుడు ఎగుమతి తోటలను నింపిన గ్రో మిషెల్ అను రకము పనామా తెగులు వాతబడెను. 1922లోనే ట్రినిడాడులో అరటి సంకరము మొదలైనది. గ్రో మిషెల్ పువ్వుపై అడవి అరటి పుప్పొడి చల్లగా, ఎన్నో గెలలకు కొలదిపాటి గింజలే దొరకెడివి. తల్లి తన 33 క్రోమోజోములను పంచకయే ఇచ్చి, తండ్రి 11 ఇచ్చినచో బిడ్డకు 44. కొన్ని మొలకలకు 77 కూడ వచ్చినవి! ఇట్టి మొలకలలో పనికివచ్చునది ఏదియో లెక్క తేలిననే గాని తెలియదు.

గ్రో మిషెల్ స్థానమున వచ్చిన కావెండిష్ అరటికిని ఆ తెగులే క్రొత్త రూపమున దాపురించినది. 2019లో అది కొలంబియాలో నిర్ధారితమైనది. పిలకలు నాటి పెంచిన తోట యంతయు ఒక్క మొక్క వంటిది. ఒకటి లొంగినచో అన్నియు లొంగును. దానిని తట్టుకొను రేపటి అరటి, నేడెవరో ఓపికతో వెదకి తీసిన ఒక్క గింజలో నుండవచ్చును.