నిమ్మళము



“నిమ్మళంగ తిను బిడ్డా, నిమ్మళంగ పో” అని తెలంగాణమున పెద్దలు పిల్లలతో చెప్పుచుందురు. ఈ మాటను కొందరు పల్లెటూరి మాటయని వ్రాతలో విడిచిపెట్టుదురు. మరికొందరు దీనికి ‘మెల్లగా’ అనుటయే అర్థమని తలంతురు. ఈ రెండు తలంపులును సరికావు.

నిమ్మళము మంచి వంశమున పుట్టిన తద్భవము. సంస్కృతమున ‘నిర్మల’ శబ్దము ప్రాకృతమున ‘ణిమ్మల’ యైనది. తెలుగున ‘నిమ్మళము’ అయినది. మలినము లేనిది, తేరినది అని మూలార్థము. ‘శాంతి’ శమ ధాతువునుండి వచ్చినది. అణగుట దాని భావము. కనుకనే అగ్నియు శాంతించును, కోపమును శాంతించును. ‘నెమ్మది’ కన్నడ తమిళములలోని మాటలకు చుట్టము. మనసు కుదుటపడుటయు, నడక మందగించుటయు అందు కలవు. నిమ్మళమున తేరుటయే ప్రధానము.

వానకాలమున గోదావరి బురదనీటితో పాఱును. ఆ నీటిని బిందెలో పట్టి, చిల్లగింజను అరగదీసి కలిపి, కదలింపక యుంచిన మడ్డి అడుగునకు దిగును. తొందరపడి మరల మరల కలియబెట్టిన తేరదు. మనసును అట్టిదే. అలసి వచ్చినవానికి చెంబెడు నీళ్లిచ్చి “నిమ్మళంగ కూసో” అనుటలో, లోని కలతను దిగనిమ్మను హితవు కలదు. జ్వరము తగ్గినవాడు “ఇప్పుడు నిమ్మళంగున్నది” అన్నపుడును అర్థమిదియే.

నిమ్మళము సోమరితనమును కాదు. కురుక్షేత్ర యుద్ధానంతరము వ్యాసుడు మనశ్శాంతికై బాసరకు వచ్చెనని స్థలపురాణము. ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు; దినదినము గోదావరిలో స్నానమాడి మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి మూడుచోట్ల ఉంచెననియు, అవియే సరస్వతి, లక్ష్మి, కాళి మూర్తులైనవనియు చెప్పుదురు. ఆ సరస్వతి సన్నిధిని నేటికిని పసివారికి అక్షరాభ్యాసము జరుగుచున్నది. వెనుక వరుసలో ఎందరు వేచియున్నను, పలకపై బిడ్డ చేతిని నిమ్మళముగా నడపించు తల్లియే తొలి గురువు.

గ్రంథాలయపు గోడపై ‘నిశ్శబ్దము’ అని వ్రాయవచ్చును. దానిని ఇతరులు విధింపగలరు. నిమ్మళమును ఎవరును విధింపజాలరు. నోరు మూసికొని చదువువాని మనసు పరుగులిడుచుండవచ్చును. పుటలు తిరుగును గాని విషయము నిలువదు. మనసు తేరినపుడే చదివినది అడుగువరకు కనబడును.

కనుక ఇట్టి మాటను ఇంటివాకిట విడిచి పుస్తకములోనికి రారాదు. దానిని వ్రాతలో నిలుపుట భాషకు మేలు. నడతలో నిలుపుట మనకు మేలు.