ఆడపిల్లల రొమ్ములో గడ్డలు – దాచవద్దు, తొందరపడి కోయించవద్దు
(కీసరలో పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగ పాఠం)



లెక్కల పుస్తకాలు తనిఖీ చేసే మాకు ఈ సంగతి ఎందుకని మీరనుకోవచ్చు. గేదె పొదుగు గట్టిపడితే ఆ పూటే పశువుల డాక్టరును పిలుస్తాం. ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల రొమ్ములో గడ్డ ఉందంటే మాత్రం, సంబంధాలు రావేమోనని దాస్తాం. ఇది తగదు.

అందరి భయమూ క్యాన్సరే. ఆ వయసులో అది బహు అరుదు. ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఎడినోమా అనే గడ్డ. గోలీలా నున్నగా ఉండి, వేలితో నొక్కితే పక్కకు జారుతుంది. సాధారణంగా నొప్పి ఉండదు. దీనికి అల్ట్రాసౌండ్ స్కానింగు చేస్తారు. లేతవయసులో రొమ్ము దట్టంగా ఉంటుంది గనుక మామోగ్రాం ఎక్స్‌రే అంతగా పనికిరాదు. చిన్న గడ్డయితే కొన్ని నెలలకోసారి చూపిస్తే చాలు. కొన్ని వాటంతటవే తగ్గిపోతాయి. త్వరగా పెరిగినా, 5 సెంటీమీటర్లు దాటినా తీసివేయమంటారు. అనుమానముంటే సూదితో పరీక్ష చేస్తారు.

మరొక ముఖ్య విషయం. 8 నుంచి 13 ఏళ్ల లోపు పిల్లలకు ముందుగా ఒక పక్కనే చనుమొన కింద గట్టిగా బిళ్లలా తగలవచ్చు. అది రోగం కాదు, ఎదుగుదల. గడ్డ అనుకుని కోయిస్తే ఆ రొమ్ము సరిగా ఎదగదు.

ఎర్రబడి జ్వరం వచ్చినా, చర్మం లోపలికి గుంజుకున్నా, చనుమొన నుంచి రక్తం కారినా ఆలస్యం చేయకండి. పసరు కట్లు కట్టకండి. తల్లి పక్కనుండగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. అవసరమైతే సికిందరాబాదు గాంధీ ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది గాని, చాలామంది పిల్లలకు అంతదూరం పోవలసిన పనే పడదు.