నిశ్శబ్దం మనల్ని ఎక్కడికి పంపుతుంది?



ఈ సాయంకాలం నిశ్శబ్దం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మన ఆరాధనల్లో మైకు ఉంటుంది, కీబోర్డు ఉంటుంది, పాటలుంటాయి. దేవుని సన్నిధిలో ఊరకే కూర్చోవడం మాత్రం మనకు అంతగా అలవాటు లేదు.

తమిళనాడులో కుళిత్తలై దగ్గర, కావేరి ఒడ్డున శాంతివనం అనే క్రైస్తవ ఆశ్రమం ఉంది. 1950లో ఇద్దరు ఫ్రెంచి గురువులు దాన్ని స్థాపించారు. 1968లో బీడ్ గ్రిఫిత్స్ వచ్చి దాని బాధ్యత తీసుకున్నారు. భారతీయ పద్ధతిలో క్రీస్తును ఆరాధించాలన్నది వారి ఆశ. అందుకే అక్కడి మందిరం దక్షిణాది గుడిలా ఉంటుంది. ముందు గోపురం, లోపల గర్భగుడి.

ఒక మిత్రునితో కలిసి మేము అక్కడికి వెళ్లాం. ప్రార్థన ముగిశాక కూడా చాలాసేపు లేవలేదు. మనసు నెమ్మదించింది. బయటికి వచ్చాక మిత్రుడు మెల్లగా అన్నాడు: "లోపల బాగుంది అన్నా. కానీ గుడి గడప తొక్కనివ్వని తాతల మనవణ్ణి నేను. గోపురం చూడగానే నాకు ముందు ఆ గడపే గుర్తొచ్చింది."

ఆ మాట తేలిగ్గా తీసుకోదగినది కాదు. భారతీయత అంటే ఎవరి భారతీయత అని 1980ల నుండి అరవింద్ నిర్మల్ వంటి దళిత వేదాంతులు అడుగుతూనే ఉన్నారు. ఆశ్రమం పుట్టిన 1950లోనే, ఆగస్టు 10న, షెడ్యూల్డు కులాల గురించి రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. దాని మూడో పేరా ఆ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు బయటే మిగిలారు. మన ఇంట్లోనూ తప్పుంది. కొన్ని ఊళ్లలో క్రైస్తవుల సమాధుల మధ్య కూడా కులం గోడ కట్టింది.

అయితే నిశ్శబ్దం వద్దా? కావాలి. ఏలీయాను చూడండి. ప్రాణభయంతో హోరేబుకు పారిపోయాడు. గాలిలో, భూకంపంలో, అగ్నిలో కాక, మెల్లని స్వరంలో దేవుడు అతనితో మాట్లాడాడు. కానీ ఆ గుహలోనే ఉండిపొమ్మనలేదు. ఇక్కడ నీకేం పని అని అడిగి తిరిగి పంపాడు. తరువాత అదే ఏలీయా నాబోతు ద్రాక్షతోటలో అహాబు రాజు ఎదుట నిలబడి అన్యాయాన్ని నిలదీశాడు.

దేవుని ఎదుట మౌనం ప్రార్థన. అన్యాయం ఎదుట మౌనం ప్రార్థన కాదు.

యువతీ యువకులారా, మీరూ ఒక మిత్రునితో కలిసి ఏదైనా నెమ్మదైన మందిరానికి వెళ్లండి. ఫోను పక్కన పెట్టి కూర్చోండి. లేచాక, "నీకేం వినబడింది?" అని ఆ మిత్రుణ్ణి అడగండి. అతని జవాబు మీకు ఇబ్బందిగా ఉన్నా చివరిదాకా వినండి. తరువాత మీ సంఘానికి తిరిగి వెళ్లి, కమిటీలో ఎవరున్నారో, ఎవరు లేరో చూడండి. శ్మశానంలో గోడ ఉందేమో చూడండి. ఉంటే నోరు తెరిచి అడగండి.

వినే చెవిని, పలికే నోటిని దేవుడు మనకు దయచేయును గాక. ఆమేన్.