మైక్రోవేవ్ ఓవెన్ – శుభ్రత, భద్రత
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం ఏర్పడిన నాటికి మన పల్లెల్లో బల్బు వెలగడమే గొప్ప. నేడు వంటకూ కరెంటే. పిల్లలు గల్ఫ్‌కో, అమెరికాకో వెళ్లిన ఇళ్లలో ముసలివాళ్లం ఇద్దరం మిగులుతున్నాం. అమ్మ పొయ్యి దగ్గర నిలబడలేదని, సెలవుకు వచ్చిన పిల్లలు మైక్రోవేవ్ ఓవెన్ కొనిపెట్టి వెళ్తారు. వాడటం చూపిస్తారు గాని, శుభ్రం చేయడం చెప్పరు.

ఇందులోని తరంగాలు పదార్థంలోని తేమను వేడిచేస్తాయి. గోడలకు చిందిన కూర కూడా ప్రతిసారీ వేడెక్కి మాడుతుంది. చివరికి నిప్పురవ్వలు లేస్తాయి. కనుక శుభ్రత అందం కోసం కాదు, భద్రత కోసం.

పద్ధతి సులభం. గాజు గిన్నెలో నీళ్లు పోసి, నిమ్మచెక్కలు, ఒక చెక్క గరిటె వేసి మూడు నిమిషాలు వేడిచేయండి. గరిటె లేకుంటే నీళ్లు కదలకుండానే మరిగి, ముట్టుకోగానే ముఖం మీదికి ఎగజిమ్మవచ్చు. అయిదు నిమిషాలు తలుపు తీయకండి. తరువాత ప్లగ్గు పీకి, గిన్నెను గుడ్డతో పట్టి తీసి, మెత్తని తడిగుడ్డతో తుడవండి. స్టీలు పీచు వద్దు. దాని తునక మిగిలితే రవ్వలు లేస్తాయి. గాజు పళ్లెం చల్లారాకే కడగండి. లోపలి గోడకున్న అట్టలాంటి మైకా రేకును ఊడదీయకండి. తలుపు అంచుల జిడ్డు తుడవండి. తలుపు వంగినా, సరిగా పడకున్నా వాడకం ఆపండి.

ఇక నా తప్పు చెబుతాను. ముప్పై ఏళ్లు కరెంటు పనిచేసినవాణ్ని. మా ఓవెన్ ఆగిపోతే, ప్లగ్గు తీశాను కదా అని స్క్రూలు విప్పాను. అంతలో వచ్చిన మెకానిక్ కుర్రవాడు "సారూ, చెయ్యి పెట్టకుండ్రి! వైరు పీకినా అండ్ల కరెంటు ఉంటది!" అని అరిచాడు. నిజమే. లోపలి కెపాసిటర్ రెండువేల వోల్టులకు పైబడిన విద్యుత్తును దాచుకుంటుంది. ప్లగ్గు తీసినా అది కొంతసేపు నిలిచే ఉండవచ్చు. ప్రాణాలు తీయగలదు. పై మూత మనం విప్పరాదు.

మరికొన్ని మాటలు. ఖాళీగా నడపవద్దు. స్టీలు గిన్నెలు, పెంకుతో ఉన్న గుడ్లు పెట్టవద్దు. ఎర్తింగు ఉన్న పెద్ద ప్లగ్గే వాడండి. లోపల మంట లేస్తే తలుపు తీయకండి. గాలి తగిలి పెరుగుతుంది. స్విచ్చి ఆపండి, ప్లగ్గు పీకండి.

పిల్లలు ప్రేమతో ఇచ్చిన వస్తువు మనకు ఆసరా కావాలి గాని, దూరాన ఉన్న వారికి దుర్వార్త కారాదు. ఆనాటి నుండి మా ఇంట్లో స్క్రూడ్రైవర్ మా ఆవిడ దగ్గరే ఉంటున్నది. నాకు అడిగే ధైర్యం లేదు.