లెక్క చదవగలిగినోడిదే పెత్తనమా?

(ఆత్మకూరులో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

కామర్సు చదివే పిల్లల్ని లెక్కల చరిత్ర చెప్పమంటే వెనిస్‌తో మొదలుపెడతారు. 1494లో లూకా పాచోలీ జంటపద్దు విధానాన్ని పుస్తకంలో వివరించాడంటారు. నిజమే. మరో ఇరవై ఏళ్లకు, 1514లో, కృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను పట్టుకున్నాడు. ఆ కథ మనకు తెలుసు. ఆ కోటను మేపిన శిస్తు ఎవరు కట్టారు, ఎవరు లెక్క రాశారు? అది మన పాఠాల్లో లేదు.

ఆధారాలు లేక కాదు. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల శాసనాలూ వాటిలో ఉన్నాయి. గుడికిచ్చిన మాన్యం, పొలం సరిహద్దు, వదిలేసిన పన్ను... ఇవి లెక్కలు కాక మరేమిటి? జమ, ఖర్చు, బాకీ, ఫసలీ అని మనం రోజూ వాడే మాటలు పారశీకం, అరబ్బీల నుంచి కచేరీల మీదుగా మన ఇళ్లకొచ్చాయి. అదీ చరిత్రే.

ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1393 ఫసలీ అంటే 1983 జులై నుంచి 1984 జూన్ దాకా. ఆ ఫసలీ నడుస్తుండగానే, 1984 జనవరిలో, ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. అప్పటిదాకా ఏ సర్వే నెంబరులో ఏ పంట ఉందో అడంగల్లో, ఏ రైతు పేర ఎంత భూమి ఉందో చిట్టాలో కరణమే రాసేవాడు. ఏటా జమాబందీలో వాటిని తనిఖీ చేసేవారు. రైతుకు తన పొలం గట్టు తెలుసు, అడంగల్లో రాత తెలియదు. ఆ తెలియనితనం మీదే పెత్తనం నడిచింది.

పదవులు పోయాయి. అడంగల్ కంప్యూటర్లోకెక్కింది. అయినా దాన్ని ఇంకొకరి చేత చదివించుకునే రైతులు ఇప్పటికీ ఉన్నారు. అందుకే ఈ చరిత్ర పండితుల కోసం కాదు, అందరి కోసం రాయాలంటున్నాం.

విద్యార్థులారా! ఒక ఊరు, ఒక చెరువు, ఒక సర్వే నెంబరు పట్టుకోండి. పెద్దవాళ్లనడగండి. ఇంట్లో అమ్మకు చదివి వినిపించండి. ఆమెకు అర్థం కాకపోతే మళ్లీ రాయండి. ఉద్యోగ మిత్రులారా! ఆ కాగితాల భాష విప్పి చెప్పగలిగింది మీరే.

నీళ్లలో, నిధుల్లో లెక్క అడిగే మనం ముందు మన ఊరి లెక్క చదవడం నేర్చుకుందాం.