కొండకొననున్న చిన్న స్టేషను – శిమిలిగూడ



ఆంధ్రదేశమున బెజవాడ, వాల్తేరు, గుంతకల్లు వంటి పెద్ద స్టేషనులను ఎరుగనివారుండరు. వానితో పోల్చినచో శిమిలిగూడ బహు చిన్నది. అయినను రెండు దేశముల పారిశ్రామిక చరిత్ర ఆ చిన్న స్టేషనుతో ముడివడియున్నది.

కొత్తవలస నుండి కిరండూలు పోవు రైలుమార్గమున, బొర్రా గుహలకును అరకులోయకును నడుమ, తూర్పుకనుమలలో శిమిలిగూడ కలదు. సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తుననున్న ఈ స్టేషను, 2008లో కాశ్మీరులోయలో రైళ్లు నడచువరకు, మన దేశపు బ్రాడ్‌గేజి స్టేషనులన్నిటిలో ఎత్తయినదిగా ప్రసిద్ధి వహించినది.

ఇంత ఎత్తునకు ఇనుపదారి ఏల ఎక్కినది? దానికి కారణము జపాను. 1960లో ఆ దేశపు ఉక్కు పరిశ్రమతో కుదిరిన ఒడంబడిక ననుసరించి బైలడిల్లా గనుల నుండి ఏటా 40 లక్షల టన్నుల ఇనుపఖనిజము పంపవలసి వచ్చినది. గనులు బస్తరు అడవులలో, రేవు విశాఖపట్టణమున, నడుమ కనుమలు. అందుచే సుమారు 445 కిలోమీటర్ల మార్గము నిర్మింపబడి 1966–67లో ప్రారంభమైనది. అందు 58 సొరంగములు, 84 పెద్ద వంతెనలు కలవు. ఘాటులో కొన్నియెడల 60 అడుగులు సాగునప్పటికి ఒక అడుగు ఎక్కవలెను. రేవువైపు నిండుబండి దిగును, గనివైపు ఖాళీబండి ఎక్కును. కావున ఇచ్చట ఇంజను బలమెంత ముఖ్యమో బ్రేకుల పటుత్వమును అంత ముఖ్యము. 1982 నాటికి ఈ మార్గమునకు విద్యుత్తు వచ్చినది.

తూర్పుకనుమలు దాటిన ఖనిజము జపాను కొలుములలో కరగుచున్న ఆ దినములలోనే, ఆ దేశపు గున్మా ప్రాంతమున దోయై అను కొండస్టేషనుకు కొత్తరూపు వచ్చినది. 1967లో తెరచిన కొత్త సొరంగములో ఒకవైపు బండ్లకు ప్లాటుఫారము కట్టిరి. అచ్చట దిగినవారు 486 మెట్లెక్కినగాని వెలుపలి ద్వారము చేరలేరు. 1985 నుండి అందు సిబ్బంది లేరు. బండ్లును కొద్దిమాత్రమే. అయినను దీపము ఆరలేదు, బండి ఆగుట మానలేదు.

శిమిలిగూడ విషయమునను ఆలోచింపవలసినది ఇదియే. ఈ దారి ఖనిజముకొరకు పుట్టినది, మనుష్యులకొరకు కాదు. కాని భగతలు, కొండదొరలు, కోదులు మొదలగు గిరిజనులకు ప్రయాణీకుల బండియే సంతకు దారి, ఆసుపత్రికి దారి, బిడ్డల చదువునకు దారి. వానకాలమున కొండచరియలు విరిగి పట్టాలపై పడినపుడు ఖనిజమును ఆగును, మనుష్యులును ఆగుదురు. ఖనిజము పదిదినములు వేచియుండినను చెడదు. పురిటినొప్పుల తల్లి ఒక్క రాత్రియైనను వేచియుండలేదు.

2017లో అరకు యాత్రికులకై అద్దాల పెట్టె ఈ మార్గమునకు వచ్చినది. అది సంతోషమే. కొండ అందము చూడవచ్చువారికి గాజుకిటికీ ఉండవలసినదే. ఆ కొండమీదనే బ్రతుకువారికి సాధారణపు పెట్టెలో చోటును ఉండవలెను.

దస్త్రములు నడపు ఉద్యోగవర్గమునకు ఈ స్టేషను నేర్పు పాఠమొకటి కలదు. టిక్కెట్ల రాబడి యొక్కటే కొలతయైనచో ఏ కొండస్టేషనును నిలువదు. బండి ఆగనినాడు ఎవరి పని చెడిపోవునో, ఆ లెక్కయు దస్త్రమున చేరవలెను. అప్పుడే చిన్న స్టేషను యొక్క నిజమైన విలువ తెలియగలదు.